పంటి పోటుతో పనికెళ్లేవారికి: ఉమ్మి చెప్పేదేమిటి, మీరు రాసుకోవాల్సిందేమిటి

జ్వరానికి థర్మామీటర్ ఉంది. బీపీకి మిషన్ ఉంది. షుగర్‌కు వేలి మీద ఒక సూదిపోటు చాలు. పంటి పోటుకు మాత్రం అలాంటి అంకె లేదు. రాత్రంతా దవడ పట్టుకుని కూర్చున్న మనిషి పొద్దున్నే డ్యూటీకొస్తే చూసేవాళ్లకు ఎప్పటిలాగే కనిపిస్తాడు. బుగ్గ వాస్తే తప్ప ఎవరూ నమ్మరు. అందుకే వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో రెక్కాడితే గాని డొక్కాడనివాళ్లు మొదలుకొని బ్యాంకు కౌంటర్లో కూర్చునేవాళ్ల దాకా చాలామంది పన్ను నొప్పికి సెలవు అడగడానికే మొహమాటపడతారు. మెడికల్ షాపులో రెండు గోలీలు కొనుక్కుని ఆ రోజు గడిపేస్తారు. అలా గడిపేసిన రోజులే చివరికి పన్నునూ, ఒక పూట సెలవుకు పోయేదానికంటే ఎక్కువ జీతాన్నీ పోగొడతాయి.

నొప్పికి ఒక అంకె దొరుకుతుందా అని పరిశోధకులు చాలాకాలంగా వెతుకుతున్నారు. ఆ వెతుకులాటలో వాళ్లకు తగిలిన వాటిలో లాలాజలం, అంటే మన నోట్లో ఊరే ఉమ్మి, ఒకటి. పంటి నరం తీసే రూట్ కెనాల్‌కు ముందు, తర్వాత ఉమ్మి తీసి పోల్చిన అధ్యయనాలు ఉన్నాయి. వాటిలో తేలింది పని చేసుకునేవాళ్లకు రెండు విధాల ఉపయోగపడుతుంది. ఒకటి, పంటి నొప్పి ఒంట్లో నిజంగా జరుగుతున్న మార్పు, అది ఓర్చుకుంటే పోయేది కాదు. రెండు, దాన్ని కొలిచే పరీక్ష ఇంకా మన చేతికి రాలేదు కాబట్టి ఆ లెక్క మనమే రాసుకోవాలి. ఆ లెక్కతోనే చికిత్సనూ సెలవునూ సరిచూసుకోవాలి.

పంటి లోపల మిర్చి మంట

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో సీజన్ జోరు మీదున్నప్పుడు మిర్చి యార్డులో నడిచినవాళ్లకు ఆ ఘాటు తెలుసు. ముక్కు, కళ్లు, గొంతు ఒకేసారి మండుతాయి. ఆ మంట పుట్టించేది క్యాప్సైసిన్ అనే పదార్థం. తేజ రకంలో అది ఎక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చిలో తక్కువ, అందుకే దానికి రంగు ఎక్కువ, కారం తక్కువ. క్యాప్సైసిన్ తగిలినప్పుడు నరాల కొసల్లో ఒక చిన్న తలుపు తెరుచుకుంటుంది. దాని పేరు టీఆర్‌పీవీ1. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని గుర్తించింది. ఆ దారిలో చేసిన పనికే ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ తలుపు కారానికే కాదు, వేడికీ తెరుచుకుంటుంది. మామూలుగా 43 డిగ్రీల సెల్సియస్ దాటితేనే కదులుతుంది.

ఇదే తలుపు పంటి లోపలి నరాల్లోనూ ఉంది. పుచ్చు లోతుకు దిగి, పంటి మధ్యనుండే మెత్తటి గుజ్జులోకి సూక్ష్మజీవుల ప్రభావం చేరినప్పుడు అక్కడ వాపు మొదలవుతుంది. వాపుతో పుట్టే రసాయనాలు ఆ తలుపును వదులు చేస్తాయి. అప్పుడు 43 డిగ్రీలు అక్కర్లేదు, గోరువెచ్చటి టీ గుక్కకే పన్ను జివ్వుమంటుంది. ఒక్కోసారి ఏ వేడీ తగలకుండానే సలుపుతుంది. పైగా గుజ్జు చుట్టూ ఉన్నది గట్టి గోడ. చెయ్యి వాస్తే చర్మం సాగుతుంది, పంటి లోపల సాగడానికి చోటు లేదు. పడుకుంటే తలవైపు రక్తపు ఒత్తిడి కొంత పెరిగి పోటు ఎక్కువవుతుంది. పగలంతా పనిలో ఓర్చుకున్న నొప్పి అర్ధరాత్రి మనిషిని లేపి కూర్చోబెట్టడానికి కారణం ఇదే. అలాంటి రాత్రి రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టుకుంటే కొంత ఉపశమనం ఉంటుంది.

నరం రేగినప్పుడు దాని కొసల నుంచి సబ్‌స్టెన్స్ పీ అనే పదార్థం బయటికొస్తుంది. 1931లోనే కనుగొన్న ఈ పదార్థం నొప్పి కబురును మోసుకెళ్తుంది, వాపునూ పెంచుతుంది. మిర్చి మంటలో బయటికొచ్చేదీ ఇదే. ఉమ్మిలో పరిశోధకులు వెతికిన గుర్తుల్లో ఇది ఒకటి.

ఉమ్మిలో ఏం కనిపిస్తుంది

మనకు రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుతుంది. అందులో 99 శాతం నీరే. మిగిలిన ఆ ఒక్క శాతంలో బోలెడు సమాచారం ఉంది.

వట్టి అన్నం ముద్దను కాసేపు నములుతూ ఉంటే తియ్యబడుతుంది కదా, ఆ పని చేసేది ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైము. మనిషికి నొప్పి గాని, భయం గాని, ఒత్తిడి గాని కలిగితే గుండె దడ పెంచే నరాల వ్యవస్థే లాలాజల గ్రంథులనూ తట్టి లేపుతుంది. నిమిషాల్లోనే ఈ ఎంజైము పెరుగుతుంది. జపాన్ వైద్యులు 2007లో దీర్ఘకాలపు నడుం నొప్పి ఉన్నవారిని పరీక్షించి, రోగి చెప్పిన నొప్పి స్థాయికీ ఉమ్మిలోని అమైలేజ్‌కూ పొంతన ఉందనీ, వెన్నులో మత్తు ఇచ్చి నొప్పి తగ్గించాక ఎంజైమూ తగ్గిందనీ ప్రచురించారు. ఆ తర్వాత పంటి నొప్పిలోనూ ఇలాంటి కొలతలు తీశారు. పోటుతో వచ్చినవారిలో ఎక్కువగా ఉండటం, రూట్ కెనాల్ అయ్యాక దిగిరావడం కొన్ని అధ్యయనాల్లో కనిపించింది.

రెండో గుర్తు కార్టిసాల్. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు దీన్ని తయారుచేస్తాయి. రక్తం నుంచి ఉమ్మిలోకి చేరుతుంది. ఒత్తిడి కలిగిన 20, 30 నిమిషాలకు ఉమ్మిలో గరిష్ఠానికి చేరుతుంది. మూడోది పైన చెప్పిన సబ్‌స్టెన్స్ పీ. నాలుగోది ఇంటర్‌ల్యూకిన్లనే వాపు సూచికలు.

ఇన్ని గుర్తులున్నప్పుడు ల్యాబుకెళ్లి రెండు చుక్కలిచ్చి రిపోర్టు తెచ్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే చిక్కుంది. కార్టిసాల్ పొద్దున లేచిన అరగంటకు అందరిలోనూ ఎక్కువ, రాత్రికి తక్కువ. అమైలేజ్ దీనికి తలకిందులు, లేవగానే పడిపోయి, పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది. నైట్ డ్యూటీ చేసే నర్సుకో, కాజీపేట జంక్షన్‌లో రాత్రి విధుల్లో ఉండే రైల్వే ఉద్యోగికో ఈ గడియారమే మారిపోయి ఉంటుంది. కారం తిన్నా, సిగరెట్ కాల్చినా, జర్దా వేసుకున్నా, మూడంతస్తులు గబగబా ఎక్కొచ్చినా లెక్క తప్పుతుంది. చిగుళ్ల జబ్బున్న మనిషికి పన్ను నొప్పి లేకపోయినా వాపు సూచికలు ఎక్కువే ఉండొచ్చు. సూదంటే భయపడే మనిషికి కుర్చీలో కూర్చోగానే అమైలేజ్ ఎగబాకుతుంది. చికిత్స అయిపోగానే అది తగ్గితే నొప్పి తగ్గిందా, భయం తగ్గిందా తేల్చడం కష్టం. అందుకే జాగ్రత్తగా చేసే అధ్యయనంలో ఆ రోజుతో సరిపెట్టరు, కొన్ని రోజులు ఆగి, మళ్లీ అదే వేళకు ఉమ్మి తీస్తారు.

ఇంత తిరకాసు ఉంది కాబట్టే ఫలానా అంకె దాటితే నొప్పి ఉన్నట్టు అనే గీత ఇప్పటికీ ఎవరూ గీయలేకపోయారు. ఎవరైనా మీ పంటి నొప్పిని ఉమ్మి పరీక్షతో కొలుస్తామని డబ్బు అడిగితే ఇవ్వకండి. ఆ డబ్బు ఎక్స్‌రేకు పెట్టండి. మీ చికిత్సను నిర్ణయించేది ఎక్స్‌రే, పంటి మీద చల్లదనం తగిలించి చూసే పరీక్ష, పన్నును తట్టి చూసే పరీక్ష, మీరు చెప్పే మాట.

పరిశోధన కోసం ఉమ్మి అడిగితే

తెలంగాణ దంత వైద్య కళాశాలలు అనుబంధంగా ఉన్న కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. కళాశాల ఆసుపత్రుల్లో ఎండీఎస్ చదివేవాళ్లు తమ థీసిస్ కోసం రోగులను ఇలాంటి నమూనాలు అడగడం మామూలే. మిమ్మల్నీ అడగొచ్చు. ఇవ్వడం మంచి పనే, నొప్పీ ఖర్చూ లేవు. అయితే ముందు తెలుగులో రాసిన సమ్మతి పత్రం అడిగి చదవండి. చదవడం రాకపోతే చదివి వినిపించమనండి. నమూనా ఇవ్వనన్నా మీ చికిత్స ఆగకూడదు. మధ్యలో మానుకుంటానన్నా ఒప్పుకోవాలి. మీ పేరు, మీ ఫలితం మీరు పనిచేసే సంస్థకు వెళ్లకూడదు. ఇవన్నీ భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల ప్రకారం మీ హక్కులు.

నమూనా సరిగా ఇవ్వడం కూడా తెలుసుకోండి. గంట ముందు నుంచి ఏమీ తినొద్దు, తాగొద్దు, పొగాకు ముట్టొద్దు. అప్పుడే పళ్లు తోమొద్దు, చిగురు నుంచి చుక్క రక్తం కలిసినా నమూనా చెడుతుంది. పది నిమిషాల ముందు మంచినీళ్లతో పుక్కిలించాలి. తర్వాత నిటారుగా కూర్చుని తల కొంచెం వంచి, నాలుక కింద ఉమ్మిని ఊరనివ్వాలి. కాండ్రించి ఉమ్మకుండా, పెదవి మీదుగా ట్యూబులోకి దానంతట అది జారేలా వదలాలి. మామూలుగా నిమిషానికి 0.3, 0.4 మిల్లీలీటరే వస్తుంది కాబట్టి రెండు మిల్లీలీటర్లకు ఐదు నుంచి ఏడు నిమిషాలు పడుతుంది. తొందరపడి చప్పరిస్తే ఉమ్మి పలచబడి కొలత మారుతుంది.

మీ నొప్పి లెక్క మీరే రాయండి

ఉమ్మి పరిశోధనల్లో ఏ గుర్తును కొలిచినా చివరికి దాన్ని దేనితో పోల్చుతారో తెలుసా? రోగి తన నోటితో చెప్పిన అంకెతో. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఇంతకు మించిన నొప్పి ఊహించలేను. ఆ కొలబద్ద మీ దగ్గర ఉంది. దానికి ల్యాబు అక్కర్లేదు, ఫోన్లో నోట్స్ చాలు, లేదా జేబులో చిన్న డైరీ. రాయడం మొదలుపెడితే ఇలా ఉంటుంది:

సోమవారం. పొద్దున 7 గంటలు: 3. టీ తాగాక: 7, రెండు నిమిషాలైనా తగ్గలేదు. మధ్యాహ్నం కుడివైపు నమలలేకపోయాను. రాత్రి 2 గంటలు: 8, నిద్ర లేచాను. గోలీ ఒకటి, పేరు రాశాను. 4 గంటలకు 5.

ఇందులో ఐదు సంగతులు ఉన్నాయి చూడండి: వేళ, అంకె, దేనివల్ల మొదలైంది, ఎంతసేపు ఉంది, ఏ గోలీ వేసుకున్నారు. దంత వైద్యుడికి ఈ నాలుగు లైన్లు చూపిస్తే, "ఎప్పటి నుంచో నొప్పిగా ఉంది సార్" అని చెప్పిన దానికంటే పదింతలు పనికొస్తుంది. చికిత్స తర్వాత కూడా వారం రోజులు రాయండి. అంకె రోజురోజుకూ దిగుతోందా, ఆగిపోయిందా, ఎక్కుతోందా అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది.

ఏ నొప్పికి ఎంత తొందర

చల్లనీళ్లు తగిలితే జిల్లుమని, కొన్ని సెకన్లలో పోతే పన్ను ఇంకా కోలుకునే దశలో ఉందన్నమాట. ఆ వారంలో వీలు చూసుకుని వెళ్తే ఫిల్లింగ్‌తో పోవచ్చు. ఇక్కడే వెళ్లినవాళ్లకు డబ్బూ సెలవూ రెండూ మిగులుతాయి.

వేడి తగిలాక అర నిమిషం దాటినా పోటు ఆగకపోతే, ఊరికే కూర్చున్నా సలిపితే, రాత్రి నిద్ర లేపితే, రెండు మూడు రోజుల్లో వెళ్లాలి. సాధారణంగా రూట్ కెనాల్ పడేది ఈ దశలోనే. కొందరు చల్లనీళ్ల సీసా వెంట పెట్టుకుని, గుక్క గుక్క పుక్కిట పడుతూ డ్యూటీ చేస్తారు. చల్లదనంతో హాయిగా ఉందంటే వాపు బాగా ముదిరిందనే అర్థం.

ఇంకో మోసం ఉంది. విపరీతంగా సలిపిన పన్ను ఒక రోజు ఉన్నట్టుండి ఊరుకుంటుంది. నయమైందనుకుని అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుంటారు. చాలాసార్లు అప్పుడు జరిగేది లోపలి నరం చచ్చిపోవడమే. సూక్ష్మజీవులు వేరు కొసలోంచి ఎముకలోకి దిగి, కొన్ని వారాలకో నెలలకో చీముగడ్డగా తిరిగొస్తాయి. మీ డైరీలో 8 ఉన్న అంకె చికిత్స లేకుండా సున్నాకు పడిపోతే అది డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన రోజు.

బుగ్గ వాపు కంటి వైపు గాని మెడ వైపు గాని పాకినా, నోరు తెరవలేకపోయినా, మింగడం, ఊపిరి తీయడం కష్టమైనా, జ్వరంతో వణుకు వచ్చినా రేపటిదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. అలాగే దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది పన్ను కాకపోవచ్చు, గుండె కావచ్చు. అక్కడ నిమిషాలు ముఖ్యం.

గోలీల సంగతి

పంటి పోటుకు మొదటి మందు వాపు తగ్గించే రకం నొప్పి మాత్ర. పెద్దవాళ్లలో ఐబూప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, అవసరమైతే దాంతో పాటు పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు, తిన్నాక వేసుకోవాలని వైద్యులు సాధారణంగా సూచిస్తారు. కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, డెంగీ అనుమానం ఉన్నవాళ్లు ఐబూప్రొఫెన్‌ను డాక్టర్‌ను అడగకుండా ముట్టకూడదు. మద్యం అలవాటున్నవాళ్లు పారాసిటమాల్ ఎంత వేసుకోవచ్చో అడిగి తెలుసుకోవాలి.

యాంటీబయాటిక్ పంటి పోటును తగ్గించదు. లోపలి గుజ్జు వాచి సలిపే దశలో యాంటీబయాటిక్ వద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో స్పష్టంగా చెప్పింది. వాపు పాకి జ్వరం వచ్చినప్పుడు దాని అవసరం వేరు, అది డాక్టర్ రాయాలి. మెడికల్ షాపులో రెండు పూటలకు రెండు గోలీలు కొనుక్కుని మానేస్తే జబ్బు పోదు, రేపు ఆ మందు పనిచేయాల్సినప్పుడు పనిచేయదు. పేరు తెలియని గోలీల పొట్లాలు, రోజూ ఒక సూది పొడిపించుకోవడం కూడా వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే నొప్పి అణుగుతుంది, ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది. ఆస్పిరిన్ బిళ్లను చిగురు మీద పెడితే చిగురు కాలిపోతుంది. లవంగ నూనె దూది కొసకు ఒక చుక్క, పుచ్చు మీద మాత్రమే, చిగురుకు తగలకుండా. ట్రమడాల్ లాంటి మత్తు కలిగించే మాత్ర వేసుకుంటే ఆటో, లారీ, బస్సు స్టీరింగ్ ముందు, నడిచే యంత్రం ముందు కూర్చోకండి.

ఎక్కడికి, ఎంత ఖర్చుకు

ఎంజీఎంలో దంత విభాగం ఉంది. మొదట అక్కడ చూపించుకుని, మీ పంటికి ఏ చికిత్స కావాలో, అక్కడ ఏది చేస్తారో అడగండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి, ఖమ్మంలోని మమత డెంటల్ కాలేజీ లాంటి బోధనాసుపత్రుల్లో ఖర్చు తక్కువ. బదులుగా ఎక్కువసార్లు వెళ్లాలి, ప్రతిసారీ ఎక్కువసేపు కూర్చోవాలి. రోజు కూలీ పోయినదీ, ప్రయాణానికైనదీ కలిపి లెక్కేసుకుని ఏది మేలో నిర్ణయించుకోండి.

నెల జీతం 21,000 రూపాయలకు మించని, ఈఎస్‌ఐ వర్తించే సంస్థలో పనిచేసేవారైతే మీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం కట్ అవుతోంది. ఈఎస్‌ఐ చికిత్స మీ హక్కు. ముందు మీకు కేటాయించిన డిస్పెన్సరీకి వెళ్లి, దంత చికిత్సకు ఎక్కడికి పంపుతారో అడిగి, చీటీ రాయించుకోండి. ఈఎస్‌ఐ అనారోగ్య భృతి వేతనంలో 70 శాతం, కానీ మామూలుగా మొదటి రెండు రోజులకు అది రాదు. కాబట్టి ఒక పూట సిట్టింగ్‌కు భృతి మీద ఆశ పెట్టుకోకుండా మీ సంస్థ ఇచ్చే సెలవునే వాడుకోండి. ప్రైవేటు బీమా పాలసీల్లో ప్రమాదంలో దెబ్బ తిన్న పంటికి తప్ప మామూలు పంటి చికిత్సకు డబ్బు రావడం అరుదు. సంతకం పెట్టేముందే అడగండి.

ప్రైవేటు క్లినిక్‌లో కూర్చునే ముందు నాలుగు ప్రశ్నలు: రూట్ కెనాల్‌కు ఎంత, ఆ తర్వాత పంటి మీద వేసే క్యాప్‌కు విడిగా ఎంత, ఎన్ని సిట్టింగులు, మధ్యలో నొప్పి వస్తే ఫోన్ ఎవరికి చేయాలి. కాగితం మీద రాసిమ్మనండి. మంచి డాక్టర్లు దీనికి నొచ్చుకోరు.

పనిని బట్టి సెలవు

రూట్ కెనాల్ అంటే వాచిన గుజ్జును తీసి, వేర్లలోని సన్నటి గొట్టాలను శుభ్రం చేసి, గట్టిగా మూసేయడం. కింది దవడ పెద్ద పంటిలో సాధారణంగా అలాంటివి మూడు ఉంటాయి. ఒక సిట్టింగ్‌లో కావచ్చు, రెండు మూడు పట్టొచ్చు. మత్తు సూది ఆ చోటుకే, మనిషికి నిద్ర రాదు. కాబట్టి కడుపు నిండా తిని వెళ్లండి. షుగర్, బీపీ మందులు ఆ రోజు కూడా వేసుకోవాలి, వాటి సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

కింది దవడకు సూది ఇస్తే పెదవి, నాలుక మూడు నుంచి ఐదు గంటలు మొద్దుబారి ఉంటాయి. టీచర్లు, కండక్టర్లు, కౌంటర్లలో, ఫోన్లలో మాట్లాడేవాళ్లు సాయంత్రపు వేళ తీసుకుంటే మాట తిరిగి వచ్చేసరికి పడుకునే వేళవుతుంది. మొద్దు వదిలేదాకా ఏమీ నమలొద్దు, తెలియకుండానే పెదవి కొరుక్కుంటారు. నైట్ డ్యూటీ వాళ్లు డ్యూటీ దిగి నేరుగా కుర్చీలోకి వెళ్లకుండా నిద్రపోయి లేచాక వెళ్లండి. నిద్ర చాలని ఒంటికి అదే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది.

బస్తా భుజానికెత్తేటప్పుడు మనిషి పళ్లు బిగబడతాడు. చికిత్స మధ్యలో ఉన్న పంటి మీద ఆ బలం పడితే నొప్పి రేగుతుంది, పన్ను చిట్లనూ చిట్లుతుంది. యార్డు హమాలీలు, మిల్లు కార్మికులు ఆ ఒకటి రెండు రోజులు తేలిక పని అడగాలి. కొత్తవాడలో దర్రీలు నేసేవాళ్లు, దర్జీలు దారం పంటితో తెంపుతారు. ఎలక్ట్రీషియన్లు వైరు తొడుగు పంటితో లాగుతారు. నరం తీసిన పన్నుతో ఆ పని ఎప్పటికీ చేయకూడదు. కత్తెర జేబులో పెట్టుకోండి.

సెలవు అడగడానికి ఇంతకంటే పెద్ద ఉత్తరం అక్కర్లేదు: "సర్, కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయాలని డాక్టర్ రాశారు. మంగళవారం మధ్యాహ్నం 3 గంటలకు మొదటి సిట్టింగ్. ఆ పూట సెలవు ఇవ్వగలరు. బుధవారం డ్యూటీకి వస్తాను. నొప్పి ఎక్కువుంటే పొద్దున్నే ఫోన్ చేస్తాను. డాక్టర్ చీటీ జత చేశాను." యార్డులో మేస్త్రీకైతే మాట చాలు: "అన్నా, రేపు పన్ను నరం తీస్తాండ్రు, రాలేను. ఎల్లుండొస్త గని, రెండు దినాలు బస్తాలు మొయ్యద్దన్నడు డాక్టర్. కాంటా కాడ పనుంటే పెట్టు." ముందు రోజే చెప్పిన సెలవు ఇవ్వడం వాళ్లకూ సులువు. నొప్పి భరించలేక పొద్దున్నే ఎగ్గొట్టిన రోజుకే మాట పడాల్సి వస్తుంది.

చికిత్స తర్వాత ఎంత నొప్పి మామూలు

నరం తీసేశాక కూడా నొప్పి ఎందుకుంటుందని అందరూ అడుగుతారు. వేరు కొస చుట్టూ ఉన్న మెత్తటి పొర, ఎముక ఇంకా వాపుతోనే ఉంటాయి, ఆ వాపు తగ్గడానికి రోజులు పడుతుంది. 2011లో జర్నల్ ఆఫ్ ఎండోడాంటిక్స్‌లో వచ్చిన ఒక సమీక్ష అనేక అధ్యయనాలను కలిపి చూసింది. చికిత్సకు ముందు 81 శాతం మందికి నొప్పి ఉంది. ఒక రోజు తర్వాత 40 శాతానికి, వారం తర్వాత 11 శాతానికి దిగింది. నొప్పి తీవ్రత వందకు 54 నుంచి ఒక్క రోజులో 24కు, వారానికి 5కు తగ్గింది. మీ డైరీని ఈ అంకెల పక్కన పెట్టి చూసుకోండి. ముందు 6 ఉన్నది మర్నాటికి 3, వారానికి ఒకటో సున్నానో అయితే దారిలో ఉన్నట్టే. రెండో రోజు నుంచి అంకె ఎక్కుతున్నా, వాపు వచ్చినా, పన్ను ఎత్తుగా తగులుతున్నా ఫోన్ చేయండి. తదుపరి తేదీ దాకా ఆగొద్దు.

నొప్పి పోయిందని మధ్యలో మానేయడం పని చేసుకునేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. తాత్కాలిక ఫిల్లింగ్ కొన్ని వారాలకు అరిగి, ఉమ్మి లోపలికి దిగి, శుభ్రం చేసిన గొట్టాల్లో మళ్లీ సూక్ష్మజీవులు చేరతాయి. వెనక పన్నుకు క్యాప్ వేయించుకోకపోతే ఒక మక్క గింజకే రెండుగా చీలొచ్చు. అప్పుడు పీకడం తప్ప దారి లేదు. మొదటి సిట్టింగ్ రోజే క్యాప్ తేదీ రాయించుకుని, ఆ పూట సెలవు కూడా అప్పుడే అడిగిపెట్టుకోండి. మిర్చి సీజన్లో, పరీక్షల రోజుల్లో, పండుగ గిరాకీలో సెలవు దొరకదని తెలిసినవాళ్లు అంతకు ముందే పని పూర్తిచేసుకోవాలి.

పని చేయించేవారికి ఒక మాట

మీ దగ్గర పనిచేసే మనిషి పన్ను నొప్పి అంటే ఆ మాట నమ్మండి. ఎన్ని ఉమ్మి పరీక్షలు వచ్చినా వాటిని సెలవు నిజమా కాదా అని తేల్చడానికి వాడకూడదు. అవి అందుకు పనికిరావు కూడా. నిద్ర లేని మనిషి చేతిలో లెక్క తప్పుతుంది, స్టీరింగ్ తప్పుతుంది, యంత్రం వేలు తీసుకుంటుంది. ఒక పూట సెలవు వీటన్నిటికంటే చౌక.

పని చేసేవారికి చెప్పేది కూడా అంతే సూటిగా ఉంది. ఇవాళ మీ పన్ను సలుపుతుంటే ఇప్పుడే ఒక అంకె రాసుకోండి. రేపు ఇదే వేళకు ఇంకోటి రాయండి. రెండోది మొదటిదానికంటే తక్కువ కాకపోతే, లేదా ఉన్నట్టుండి సున్నాకు పడిపోతే, ఎల్లుండికి దంత వైద్యుడి దగ్గర వేళ తీసుకుని, ఆ పూట సెలవుకు చెప్పండి.